మగ్దలేనాను మడతపెట్టిన సరంగు

బెలిసారియో తాత నోరు తెరిస్తే మగ్దలేనా నది కూడా కాసేపు ఆగి విని మరీ పోతుందని పువెర్తో గార్సా రేవులో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా ఆయనే. ఒకప్పుడు చమురు బార్జీలను తోసే టగ్గు మీద సరంగు. ఇప్పుడు అక్క దొమితీలా కాఫీకొట్టు అరుగు మీద ఊగుడుకుర్చీకి సరంగు. ఆ కుర్చీ ఎక్కితే ఇక దిగడు, కోతలు మొదలెడితే ఇక ఆపడు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద రుబియేలా కూర్చుంది గానీ ఆమెకి కథలు వినే మనసు లేదు. రోసల్బా అనే టగ్గు మీద ఆమె పెద్ద కళాసీ. నది మీద ఆడమనిషికి వంటపని తప్ప ఇంకో పని ఇవ్వరు. తాళ్ళు లాగి, అరచేతులు కాయలు కాయించుకుని, మగాళ్ళ ఎగతాళి మింగి ఆ పేరు తెచ్చుకుంది. పొద్దున్నే బార్జీల్లో డీజిల్ దించేశారు, తొట్లు కడిగేశారు. ఆ కడుగునీళ్ళు, నూనె జిడ్డుతో నల్లగా, చివరి బార్జీ అడుగున ఉన్నాయి. వాటిని కింది రేవులో ఒడ్డు మీదున్న తొట్టికి అప్పగించాలి, నదిలో చుక్క వదలకూడదు. అది రూలు. కానీ కింది రేవులో బార్జీల వరస కొండచిలువలా ఉందట. అందుకని కేప్టెన్ ఒస్పీనా ఆమెని పక్కకి పిలిచి, "వాన పడగానే మడుగు మూతి దగ్గర వాల్వు తిప్పెయ్. వానలో ఎవరికీ కనపడదు," అన్నాడు.

ఆకాశం మబ్బు పట్టి ఉంది. రేవు పక్కనే నదిలోకి తెరుచుకునే మడుగు అవతల జాలర్ల గుడిసెల్లోంచి పొగ లేస్తోంది. రుబియేలా కాఫీ చల్లారిపోయింది.

"ఏమ్మాయ్, ఉడకని కర్రపెండలం మింగినట్టు ఆ మొహమేమిటి?" అన్నాడు బెలిసారియో.

పక్కనున్న చిన్న కళాసీ ఎఫ్రేన్ నోట్లో నువ్వుగింజ నానదు. "కడుగునీళ్ళు మడుగులో వదలమన్నాడు తాతా కేప్టెను. వాన కోసం చూస్తున్నాం," అనేశాడు.

లోపల చేపలు వేయిస్తున్న దొమితీలా చేతిలో గరిటె ఆగింది. అరుగు చివర వల కుట్టుకుంటున్న ఇద్దరు జాలరి ఆడవాళ్ళు తలెత్తారు.

"వదలమన్నాడా? మీరేమన్నారు?" అన్నాడు బెలిసారియో.

"ఏమంటాం? సరే అన్నాం."

"సరే అన్నారా!" బెలిసారియో కుర్చీ ఊగడం ఆపేశాడు. "థూ! మీరు కళాసీలా, కోడిపిల్లలా? ఒక కేప్టెన్ వచ్చి నదిలో విషం పొయ్యమంటే సరే అంటారా? ఇదే మాట నాకూ ఒకడు చెప్పాడు. ఇదే మడుగు, ఇదే మూతి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్తావుగా," అంది రుబియేలా.

"చెప్తాను. నాకప్పుడు నీ వయసు. టగ్గు పేరు ఎస్మెరాల్దా. కేప్టెన్ పేరు చెప్పను, చచ్చినవాడి పేరెత్తితే కాఫీ విరుగుతుంది. వాడు నా దగ్గరికొచ్చి, బెలిసారియో, కడుగునీళ్ళు ఇక్కడ వదిలేద్దాం అన్నాడు. నేను చుక్కాని చక్రం మీద చెయ్యి తియ్యకుండా, నేను వదలను కేప్టెన్, అన్నాను. అంతే. అంతకంటే ఒక్క మాట లేదు. నేనసలు మాటలు తక్కువ మనిషిని, మా అక్కనడుగు."

లోపల్నుంచి చేప నూనెలో పడ్డ చప్పుడు తప్ప ఏం రాలేదు.

"అప్పట్లో ఈ రూలుందా తాతా?" అన్నాడు ఎఫ్రేన్.

"ఉంది. పుస్తకంలో పడుకుని గుర్రు పెడుతోంది. లేపేవాడు లేడు. సరే, నేను వదలనన్నాను కదా, వాడేం చేశాడు? తనే వెళ్ళి వాల్వు తిప్పేశాడు! నల్లటి జిడ్డు బుసబుసా వస్తోంది. నేను చక్రం వదిలేసి ఒక్క గెంతు గెంతాను, టగ్గు మీంచి మూడో బార్జీ మీదికి..."

"మధ్యలో రెండు బార్జీలున్నాయిగా?"

"అందుకే మూడో దాని మీదికి అన్నాను. వెళ్ళి ఆ గొట్టంలో చెయ్యి పెట్టాను. ఆగలేదు. టోపీ కుక్కాను, చొక్కా కుక్కాను, నేను పడుకునే ఉయ్యాల కుక్కాను, వంటింట్లోంచి బియ్యం బస్తా తెచ్చి కుక్కాను, ఉహూఁ. ఇక లాభం లేదని నేనే దాని మీద కూర్చున్నాను. కూర్చున్నానా, లోపలి ఒత్తిడి నన్ను పైకి లేపింది! ఫౌంటెన్ మీద బంతిలా నేను పైన, కింద నది. చెట్లు దాటాను, కొంగలు దాటాను, ఒక కొంగ నన్ను చూసి దారిచ్చింది కూడా. అంత ఎత్తునుంచి ఇటు చూస్తే మంచుకొండలు, అటు చూస్తే సముద్రం, దాని ఒడ్డున బర్రాంకియాలో మా మేనత్త బట్టలు ఆరేస్తోంది. అత్తా, వాన వస్తోంది, బట్టలు తియ్యి! అని అరిచాను. తీసింది. అడగండి కావాలంటే."

"ఆవిడ ఉందా?"

"పోయింది పాపం."

జాలరి ఆడవాళ్ళు నవ్వారు. రుబియేలా నవ్వలేదు. అయినా వింటోంది. ఆమెకి వాల్వు మీదే ధ్యాస. ఇందాకట్నుంచి కుడిచేతి వేళ్ళు తమంతట అవే ఆ ఇనప చక్రం తిప్పుతున్నట్టు ముడుచుకుంటున్నాయి. అది చూసుకుని చెయ్యి ఒళ్ళో దాచుకుంది.

"పైనుంచి చూస్తే కింద మడుగులోకి జిడ్డు పాకుతోంది," అన్నాడు బెలిసారియో, గొంతు కాస్త తగ్గించి. "నల్లగా, ఆకుపచ్చగా, నెమలికన్నులా మెరుస్తూ. అందంగానే ఉంటుందర్రా ఆ పాడుది, అదే దాని దుర్మార్గం. బొకాచికో చేపలు చూశారూ, ఊపిరాడక ఒడ్డెక్కేశాయి. ఎక్కి ఊరుకున్నాయా? తోకల మీద నిలబడి నడిచాయి. ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టి, అమ్మా, కాసిని మంచినీళ్ళిప్పించండి, అని అడిగాయి. ఒక్కో ఇల్లాలూ బిందె నిండా నీళ్ళు పెట్టి ఒక్కో చేపని దాచుకుంది."

"వేయించుకు తినలేదా?" అంది జాలరుల్లో ముసలామె.

"గడపదొక్కి నీళ్ళడిగినవాణ్ణి వేయించుకు తింటారా ఎవరైనా? మర్యాద లేదూ! సరే, నేను పైనుంచి దూకాను. దూకితే ఎక్కడ పడ్డాను? ముసలి మొసలి వీపు మీద. అది ఈ మడుగుకి పెద్ద. ఏమయ్యా పడితే చూసుకుని పడాలి కదా అంది. తిట్టుకోడానికి టైము లేదు పెద్దమ్మా, నీ వాళ్ళనందర్నీ పిలువు అన్నాను. పిలిచింది. ఒకదాని తోక ఇంకొకటి నోట కరుచుకుని, మడుగు మూతికి ఈ చివర్నుంచి ఆ చివరికి మొసళ్ళు వరసగా తేలాయి. ఈ రోజుల్లో చమురు చిందితే నీళ్ళ మీద తేలే రబ్బరు కంచె వేస్తున్నారే, ఆ ఆలోచన ఎవరిదనుకున్నారు? మనదే. ఆ మొసళ్ళు దాటి ఒక్క బొట్టు లోపలికి పోలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మంత్రిగారొచ్చారు," అన్నాడు ఈ కథ ముందే విన్న ఎఫ్రేన్.

"తొందరపడకు, మంత్రి తర్వాత. ముందు మొహాన్ వచ్చాడు."

వల కుట్టే ఆడవాళ్ళ చేతులు ఒక్క క్షణం ఆగాయి. నది అడుగున కాపురం ఉండి, చుట్ట కాలుస్తూ, మోకాళ్ళదాకా జుట్టు విరబోసుకుని తిరిగే మొహాన్ గురించి ఆ ఊళ్ళో పగలు కూడా గట్టిగా మాట్లాడరు.

"ఇదిగో ఇంత దగ్గర్లో లేచాడు నీళ్ళలోంచి. జుట్టంతా జిడ్డు. చుట్ట ఆరిపోయింది. కళ్ళలో నీళ్ళు. బెలిసారియో, నా జుట్టు చూశావా, ఏ సబ్బుతో పోతుందిది, అని ఏడిచాడు. అంతటివాడు ఏడిస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. ఏడవకు మావా, నువ్వు నదిని కాసేపు పట్టుకో, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. వాడు ఎగువకి వెళ్ళి నదిని రెండు చేతులా పట్టుకుని పైకెత్తాడు. నేను ఇటు అంచు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మగ్దలేనాని దుప్పటి మడతపెట్టినట్టు మడతపెట్టాం! ఎగువ నీళ్ళు ఎగువనే, గోడలా. కింద నేలంతా పొడి. నేను చీపురు పట్టుకుని నది అడుగంతా ఊడ్చాను. జిడ్డంతా కుప్ప చేసి, చేటకెత్తి, బార్జీలో పోశాను. ఊడుస్తుంటే ఏమేం దొరికాయనుకున్నారు? మునిగిపోయిన స్టీమర్లు, చర్చి గంట, మా తాత కట్టుడుపళ్ళు. తెచ్చి ఆయనకిస్తే, ఆలస్యమైందిరా అబ్బాయ్, ఇప్పుడు నమలడానికేముంది అన్నాడు."

ఇప్పుడు రుబియేలాకి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి తాత ఇంకా రెచ్చిపోయాడు. కుర్చీలోంచి లేచాడు.

"అప్పుడు దిగింది హెలికాప్టరు! అందులోంచి మంత్రి, ఆయన వెనక గొడుగు పట్టేవాడు, వాడి వెనక రాసేవాడు. మంత్రి నా చెయ్యి పట్టుకుని, బెలిసారియో గారూ, ఇక మీదట ఇలా జరక్కుండా ఏం చెయ్యాలో మీరే సెలవివ్వండి అన్నాడు. రాసుకోండి అన్నాను. నదిలో చుక్క పడకూడదు. కడుగునీళ్ళు ఒడ్డుకివ్వాలి. బార్జీకి రెండు పొరల అడుగుండాలి. వదలమన్న కేప్టెన్ని ఆ కడుగునీళ్ళే తాగించాలి. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. ఇవాళ మీరు పాటించే రూలు నా నోటి మాట! కాకపోతే ఆఖరిదొక్కటీ తీసేశారు, మధ్యమధ్యలో నా బూతులు కూడా తీసేశారు. అందుకే దానికి పదును తగ్గింది."

ఎఫ్రేన్ బల్ల చరిచి నవ్వాడు. రుబియేలా మాత్రం నవ్వు ఆపి ముందుకు వంగింది.

"తాతా, ఒక్క మాట. వాల్వు గొట్టం మీద మనిషి కూర్చోలేడు, మొసళ్ళు కంచె కట్టవు. అవన్నీ పోనీ. నిజంగా ఆ రోజు నువ్వేం చేశావు?"

"చెప్పాను కదమ్మా, మడత..."

"ఒరేయ్, ఇక చాలు," అంటూ దొమితీలా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గరిటె, నుదుటిన చెమట. "ఆ పిల్ల ఆటకి అడగట్లేదు. ఎస్మెరాల్దా మీద వంట చేసింది నేను. ఆ రోజు అక్కడున్నది నేను. నేను చెప్తాను వినమ్మాయ్. వీడు ఏ గొట్టం మీదా కూర్చోలేదు. వదలననీ అనలేదు. కేప్టెన్ వాల్వు తిప్పాడు, వీడు చక్రం పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. జిడ్డంతా మడుగులోకి పోయింది. ఆ ఏడు ఏ చేప కోసినా కిరసనాయిలు కంపు. కర్రపెండలం, ఉప్పు, అదే తిండి ఊరందరికీ."

బెలిసారియో కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"అక్కా, ఇప్పుడెందుకవన్నీ..."

"నువ్వు కూర్చో. రేవులో టగ్గు ఆగింది. వీడు ఎవరికీ చెప్పకుండా దిగాడు. ఎక్కడికిరా అంటే జవాబు లేదు. నేను వెనకాలే వెళ్ళాను. రేవు ఆఫీసుకి నడిచాడు. గుమ్మం దగ్గర కంపెనీ మనిషి నిలబడి, లోపలికి పోతే ఈ నది మీద నీకు మళ్ళీ పడవ దొరకదు అన్నాడు. వీడు వాడి పక్కనుంచే లోపలికి పోయాడు. పోయి ఆ ఆఫీసర్ ముందు నిలబడి నోరు తెరిస్తే మాట రాలేదు. ఈ నోరు! ఇదే నోరు! కాళ్ళు వణుకుతున్నాయి, ప్యాంటు తడిసిపోయింది. మంచినీళ్ళడిగి తాగాడు. తాగి, మా కేప్టెన్ మడుగులో జిడ్డు వదిలాడండీ, నేను చూశాను, నా పేరు బెలిసారియో అన్నాడు. అంతే. మళ్ళీ ఏ టగ్గూ ఎక్కనివ్వలేదు వీణ్ణి."



"అబద్ధం!" అని అరిచాడు బెలిసారియో. మొహం కందగడ్డలా అయింది. "అన్నీ అబద్ధాలు! అది వాన! ఆ రోజు వాన పడింది, అందుకే తడిసింది!"

"ఆ రోజు రాళ్ళు పగిలే ఎండరా."

"మొసళ్ళ మాట వదిలెయ్ అక్కా, చేపల మాట వదిలెయ్. ఆ ప్యాంటు మాట మాత్రం పచ్చి అబద్ధం!"

ముందు ముసలి జాలరామె కిసుక్కుమంది. తర్వాత అందరూ నవ్వారు, దొమితీలా కూడా. బెలిసారియో మొహం అటు తిప్పుకుని నది వైపు చూస్తూ కూర్చున్నాడు. గాలి తీసిన ట్యూబులా ఉన్నాడు మనిషి.

రుబియేలా అడిగింది, "ఆ కేప్టెన్‌కేమైంది అత్తా?"

"ఏమీ కాలేదు. ఏదో జరిమానా కట్టాడు, వెళ్ళిపోయాడు. కానీ ఆ తర్వాత ఈ మూతి దగ్గర మాత్రం ఎవడూ వాల్వు ముట్టుకోలేదు, ఇవాళ్టిదాకా. ఏ టగ్గు మీద ఏ పిచ్చివాడు నోరు తెరుస్తాడో అని."

చినుకు పడింది. ముందు ఒకటి, తర్వాత రేకు మీద టపటపా. ఒడ్డు మెట్లెక్కి కేప్టెన్ ఒస్పీనా గొడుగేసుకుని వచ్చాడు.

"రుబియేలా, పద. వాన మొదలైంది."

ఆమె లేచింది. మోకాళ్ళ కింద నుంచి ఎవరో ఎముకలు లాగేసినట్టుంది.

"కేప్టెన్, నేను తిప్పను."

"ఏంటీ?"

"వాల్వు తిప్పనండి. కింది రేవుకి తీసుకెళ్ళి ఒడ్డు తొట్టికే ఇద్దాం."

"ఆ వరసలో ఎన్నాళ్ళు పడుండాలో తెలుసా? కంపెనీకి నువ్వు చెప్తావా జవాబు?"

"చెప్తాను."

"నీ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?"

"తీసేస్తే తీసెయ్యండి. ఎందుకు తీసేశారో రేవు ఆఫీసులో చెప్తాను. నా పేరు పెట్టే చెప్తాను."

ఒస్పీనా ఎఫ్రేన్ వైపు తిరిగాడు. "నువ్వు రారా."

ఎఫ్రేన్ కాఫీ గ్లాసులోకి చూశాడు. "నా చెయ్యి బెణికింది కేప్టెన్."

"ఏ చెయ్యి?"

"రెండూనండి."

"సరే, నేనే తిప్పుతాను!"

"తిప్పండి," అంది రుబియేలా. గొంతు సన్నగా వచ్చింది గానీ వచ్చింది. "మేమిక్కడే కూర్చుని చూస్తాం."

జాలరి ఆడవాళ్ళు వల పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. దొమితీలా గరిటెతో సహా ఒక మెట్టు దిగింది. కేప్టెన్ వాళ్ళని చూశాడు, నది వైపు చూశాడు, గొడుగు విసురుగా మూసి ఆ వానలోనే తడుస్తూ, తిడుతూ దిగిపోయాడు. కింద నుంచి కేక వినిపించింది: "ఎక్కండి! కింది రేవుకే పోదాం! ఆ వరసలోనే కుళ్ళి చద్దాం!"

రుబియేలా అక్కడే మెట్టు మీద కూలబడింది. కాసేపటికి లేచి టగ్గెక్కింది.

వరసలో నిజంగానే కుళ్ళారు. కేప్టెన్ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. జిడ్డునీళ్ళు ఆఖరి చుక్కదాకా ఒడ్డు తొట్టిలోకి పోయాయి. తర్వాతి ట్రిప్పుకి ఆమె పేరు పిలవలేదు. అడిగితే, కంపెనీకి మనుషులెక్కువయ్యారు అన్నారు. ఆమె రేవు ఆఫీసుకి వెళ్ళింది, మంచినీళ్ళడిగి తాగింది, చెప్పాల్సింది చెప్పింది. రాసుకున్నారు. చూస్తామన్నారు. ఇంకో టగ్గు దొరికేదాకా దొమితీలా కొట్లో చేపలు తోమే పనిలో చేరింది.

ఒక సాయంత్రం ఆమె పెరట్లో బొకాచికోలకి పొలుసు తీస్తుంటే అరుగు మీంచి బెలిసారియో గొంతు వినిపించింది. ఎగువ నుంచి కొత్తగా వచ్చిన బార్జీ వాళ్ళు నలుగురు చుట్టూ చేరారు.

"...అప్పుడా పిల్ల, మా రుబియేలా, ఏం చేసింది? కేప్టెన్ని గొడుగుతో సహా ఒంటిచేత్తో పైకెత్తింది! ఎత్తి, గిరగిరా తిప్పింది. గొడుగు తెరుచుకుంది. వాడు గాలికి కొట్టుకుపోయి ఎక్కడ పడ్డాడో తెలుసా? పనామాలో! ఇప్పటికీ అక్కడే అరటిపళ్ళు అమ్ముకుంటున్నాడు."

రుబియేలా పొలుసు చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తాతా, నేనెవర్నీ ఎత్తలేదు. నిలబడి రెండు మాటలన్నానంతే. అవి అనేటప్పుడు కూడా కాళ్ళు గజగజా వణికాయి."

కొత్తవాళ్ళు ఆమె వైపు చూసి, తాత వైపు చూసి నవ్వారు. బెలిసారియో ఛాతీ విరుచుకుని వాళ్ళ వైపు తిరిగాడు.

"విన్నారా? వణికింది! తన నోటితోనే చెప్పింది. ఈ పిల్ల కాళ్ళు వణికితే రేవంతా వణికింది, నదిలో తాటిచెట్టంత అల లేచింది, గొడుగులోకి గాలి ఎక్కడిదనుకున్నారు మరి? నువ్వెళ్ళి చేపలు తోముకోమ్మా, తెలియకపోతే మధ్యలో రాకు!"